సోయా తర్వాత వేసిన జొన్న గిడసబారిందా?

లక్షణం: పెన్‌గంగకు ఇటు ఆదిలాబాద్‌లో, అటు యవత్మాల్‌లో రేగడి చేలల్లో సోయా తీసి వేసిన యాసంగి జొన్న బాగానే మొలుస్తుంది. రెండు మూడాకులకు ఎదుగుదల ఆగుతుంది. కొత్తాకులో ఈనెకూ ఈనెకూ నడుమ పసుపెక్కుతుంది. చాలామంది జింకు లోపమనుకుని జింకు చల్లుతారు. ముందు మొక్కను పీకి చూడండి: పిల్లవేర్లు పొట్టిగా, సీసా కడిగే బ్రష్షులా ఉంటే జింకు ఖర్చు దండగ.

కారణం: సోయాలో కొట్టిన గడ్డి మందు ఇమజెతాపిర్. మట్టిలో దాన్ని విరగ్గొట్టేవి ముఖ్యంగా సూక్ష్మజీవులు, తడి లేకుంటే అవి పనిచేయవు. కాబట్టి మందు కొట్టి ఎన్ని నెలలైందన్నది కాదు, అందులో మట్టి తడిగా ఉన్న రోజులెన్నో లెక్కపెట్టాలి. వానలు ముందే ఆగిన ఏడాది ఈ బాధ ఎక్కువ.

రకరకాల మందులు కలిస్తే ఇంకా ఆలస్యం. పురుగు మందు క్లోర్‌పైరిఫాస్ విరిగితే వచ్చే ట్రైక్లోరోపిరిడినాల్ సూక్ష్మజీవులకే విషం. అది పేరుకుంటే క్లోర్‌పైరిఫాస్ విరగడమూ మందగిస్తుంది. తెగుళ్లకు కొట్టే రాగి మందుల్లోని రాగి మూలకం, దాన్ని ఏ జీవీ విరగ్గొట్టలేదు.

తేల్చుకోవడం: చేనులో ఐదారు చోట్ల జానెడు లోతు వరకు మట్టి తీసి కలపండి. రెండు కుండీలకు పంచి, ఒకదానిలో కిలో మట్టికి చెంచాడు యాక్టివేటెడ్ బొగ్గుపొడి కలపండి (పొయ్యి బొగ్గు మందును అంతగా పట్టుకోదు). మూడో కుండీలో మందు పడని గట్టు మట్టి పోయండి. పదేసి జొన్న గింజలు వేసి మూడు వారాలు చూడండి. బొగ్గు కుండీ, గట్టు మట్టి కుండీ బాగుండి మిగిలింది గిడసబారితే మందు మిగిలినట్టే. బొగ్గు వేసినా అంతే ఉంటే చౌడో తెగులో చూసుకోవాలి.

పరిష్కారం: ఎకరానికి 4 టన్నులు బాగా మాగిన పశువుల ఎరువు వేసి, పైపైన దున్ని, పలుచగా తడి పెట్టండి. పిడికిట పడితే మట్టి ముద్ద కావాలి, నీరు కారకూడదు. నీళ్లు నిలిస్తే గాలి అందక సూక్ష్మజీవుల పని కుంటుపడుతుంది. నాలుగు వారాలకు మళ్లీ కుండీ పరీక్ష చేయండి. అప్పటికి అదను దాటేలా ఉంటే శనగ వేసుకోండి, అది ఈ మందును జొన్నకన్నా తట్టుకుంటుంది.

మక్క తర్వాత శనగలో ముదురాకుల అంచులు ఎండితే మాత్రం అనుమానం మక్కలో కొట్టే గడ్డి మందు అట్రాజిన్ మీద. దాన్ని తినే బ్యాక్టీరియా అందులోని నత్రజని కోసమే విరగ్గొడుతుంది, యూరియా దండిగా దొరికితే దాని జోలికి పోదు. ఆ చేనులో మందు పోయేదాకా యూరియా ఆపండి.

ఏటా కార్బోఫ్యూరాన్ గుళికలే వేసే చేలో పురుగు చావకపోతే ఇది తిరగబడ్డ సమస్య: సూక్ష్మజీవులు ఆ మందుకు మరిగి కొద్ది రోజుల్లోనే తినేస్తున్నాయి. మోతాదు పెంచకండి, మందు రకం మార్చండి.