లాగిన్ ఆలస్యానికి డబ్ల్యూఎంఐ ఫిల్టరే కారణమా? కొలిచి చూడడం ఎలా?

తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబ్. సోమవారం తొమ్మిదింటికి పిల్లలంతా ఒకేసారి సిస్టమ్‌లు ఆన్ చేశారు. తెరల మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. "నెట్ స్లోగా ఉందా బాబూ?" అని లెక్చరర్ మేడమ్ అడిగారు. నెట్‌కు ఏమీ కాలేదు. అసలు కారణం శుక్రవారం సాయంత్రం నేను ఒక గ్రూప్ పాలసీకి (సిస్టమ్‌లన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే ఏర్పాటు) తగిలించిన డబ్ల్యూఎంఐ ఫిల్టర్, అంటే ఆ పాలసీ ఏ సిస్టమ్‌కు వర్తించాలో సిస్టమ్‌నే అడిగి తేల్చే షరతు. పాలసీలన్నీ పూర్తయ్యాకే లాగిన్ అవ్వాలన్న సెట్టింగు కూడా అక్కడ ఉండేసరికి ఆలస్యం మొత్తం పిల్లల మీద పడింది. అప్పటినుంచి కొలవకుండా ఏ ఫిల్టరూ పెట్టడం లేదు.

ముందు ఆ ల్యాబ్‌లో అన్నిటికన్నా పాత సిస్టమ్ ఎంచుకోండి. సర్వర్ మీద కొలిస్తే ప్రయోజనం లేదు, ఫిల్టర్ నడిచేది క్లయింట్‌లోనే, అంటే పిల్లలు వాడే సిస్టమ్‌లోనే. సిస్టమ్ రీస్టార్ట్ చేసి, పవర్‌షెల్‌ను (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఫిల్టర్‌లోని క్వెరీని (సిస్టమ్‌ను అడిగే ప్రశ్నను) ఇలా నడపండి (టైప్ చేసేది ఇంగ్లిషు అక్షరాల్లోనే):

మెజర్-కమాండ్ { గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్ -క్వెరీ "సెలెక్ట్ వెర్షన్ ఫ్రమ్ విన్32_ఆపరేటింగ్‌సిస్టమ్ వేర్ ప్రొడక్ట్‌టైప్ = '1'" }

వచ్చిన జాబితాలో టోటల్‌మిల్లీసెకండ్స్ దగ్గరున్న అంకె రాసుకోండి. అదే కమాండ్ ఇంకో నాలుగైదు సార్లు నడిపితే అంకె తగ్గుతుంది. ఆ తగ్గిన అంకె చూసి సంతోషించకండి. కంప్యూటర్ పాలసీ ఫిల్టర్ నడిచేది బూట్ అయ్యేటప్పుడు కాబట్టి, రీస్టార్ట్ తర్వాత వచ్చిన మొదటి అంకెనే నమ్మాలి.

ఇప్పుడు క్వెరీలో ఏ క్లాస్ (ఫ్రమ్ తర్వాత వచ్చే పేరు, సమాచారం ఎక్కడి నుంచి తేవాలో చెప్పేది) వాడారో చూడండి. విన్32_ఆపరేటింగ్‌సిస్టమ్ తేలిక. ప్రొడక్ట్‌టైప్ 1 అంటే మామూలు సిస్టమ్, 2 డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లో లాగిన్లను చూసుకునే సర్వర్), 3 మిగతా సర్వర్. నా కొంప ముంచింది విన్32_ప్రొడక్ట్. ఒక సాఫ్ట్‌వేర్ ఉందా లేదా అని అడిగితే చాలు, విండోస్ ఇన్‌స్టాలర్ ఎంఎస్ఐ (ఇన్‌స్టాలేషన్ ఫైల్) ద్వారా ఎక్కినవాటన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచూస్తుంది, పాడైనవి రిపేర్ చేయడానికి కూడా పూనుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చోటు) తెరిస్తే అప్లికేషన్ లాగ్‌లో 1035 ఈవెంట్లు వరసగా పడి ఉంటే అనుమానం అక్కర్లేదు. దాన్ని ఫిల్టర్‌లో అసలు వాడకండి. గ్రూప్ పాలసీలోని ప్రిఫరెన్సెస్ భాగంలో పెట్టే సెట్టింగయితే ఐటమ్ లెవెల్ టార్గెటింగ్‌తో (ఒక్కో సెట్టింగుకే విడిగా షరతు పెట్టే పద్ధతి) రిజిస్ట్రీ కీ చూసుకోవచ్చు. ఒక ఫైల్ ఉందా అని చూసే సీఐఎం_డేటాఫైల్ క్లాస్ వాడేటప్పుడు ఫైల్ పూర్తి పాత్ ఇవ్వండి, లేకపోతే డిస్క్ అంతా వెతుకుతుంది.

క్వెరీ ఒక్కటే కొలిస్తే సరిపోదు, మొత్తం పాలసీ సమయం కూడా చూడాలి. ఈవెంట్ వ్యూయర్‌లో గ్రూప్‌పాలసీ కింద ఆపరేషనల్ లాగ్ తెరవండి. 8000 ఈవెంట్‌లో బూట్ పాలసీకి, 8001లో యూజర్ లాగిన్ పాలసీకి ఎన్ని సెకన్లు పట్టిందో ఉంటుంది. టెస్ట్ ఓయూలో (పరీక్షకని విడిగా ఉంచిన సిస్టమ్‌ల గ్రూపులో) పెట్టిన సిస్టమ్‌ను ఫిల్టర్ ఉంచి మూడుసార్లు, తీసేసి మూడుసార్లు రీస్టార్ట్ చేసి ఆ సెకన్లు పక్కపక్కన రాయండి. తేడా అక్కడే కనబడుతుంది.

వేగం బాగుంది కదా అని వదిలేయకండి. పాలసీ చేరాల్సిన సిస్టమ్‌కు చేరిందో లేదో జీపీరిజల్ట్ కమాండ్ ఇచ్చే రిపోర్టులో చూడండి. వద్దన్న సిస్టమ్‌లో 5313 ఈవెంట్ తెరిస్తే, వడగట్టేసిన పాలసీల్లో మీ పాలసీ పేరు కనబడాలి. విండోస్ 10, 11 రెండిటికీ వెర్షన్ 10.0తోనే మొదలవుతుంది, వేరు చేయాలంటే బిల్డ్ నంబర్ చూడక తప్పదు.

ఆ తర్వాత పాలసీని ఒక్క ల్యాబ్‌కే లింక్ చేయండి. అదీ సోమవారం కాకుండా, పిల్లలు తక్కువగా వచ్చే రోజు చూసుకుని.