వారం వారం ఏం చదివారో తోటి పాఠకులతో పంచుకోవడం ఎలా?

"ఈ వారం ఏం చదివారు?" అని అడిగితే చాలామంది "సగం దాకా వచ్చానండీ" అంటారు. ఆ సగం వల్ల వినేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో చెప్పినప్పుడే పక్కవాళ్లకు ఆ పుస్తకం మీద చూపు పడుతుంది.

ముందు మనుషుల్ని కూడగట్టండి. 6 నుంచి 8 మంది చాలు. గ్రంథాలయంలోనో, ఎవరింటి వరండాలోనో, ఆదివారం ఉదయం ఒక గంట. మనిషికి 5 నిమిషాల చొప్పున 8 మందికి 40, కొత్త పుస్తకాలకు 15, ఇచ్చిపుచ్చుకోవడానికి 5 నిమిషాలు. పదిమంది దాటితే చివర్లో కూర్చున్నవాళ్లకు ఎప్పుడూ సమయం చాలదు. అప్పుడు రెండు జట్లుగా విడిపోండి.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, వారానికో పేజీ కేటాయించండి. ఎవరి వివరాలు వాళ్లే, మాటలు మొదలుకాకముందే రాయాలి. మాటల్లో పడ్డాక ఎవరూ రాయరు. పుస్తకం పేరు, ఏ ముద్రణ, పోయిన వారం ఎక్కడున్నారు, ఇప్పుడెక్కడున్నారు, ఒక్క వాక్యంలో కారణం. ఇదిగో ఇలా:

"కన్యాశుల్కం, రెండో కూర్పు. పోయిన వారం రెండో అంకం చివర, ఇప్పుడు నాలుగో అంకం మొదట. మాండలికం కొత్త, పైకి చదువుకుంటే గాని పట్టుబడటం లేదు."

పేజీ నంబరు కాకుండా అంకమో, అధ్యాయమో రాయమనడానికి కారణం ఉంది. ఒకే పుస్తకం రెండు ప్రచురణల్లో పేజీలు కలవవు. కన్యాశుల్కం విషయంలో అయితే 1897 నాటి మొదటి కూర్పు వేరు, 1909 నాటి రెండో కూర్పు వేరు. ఏది చదువుతున్నారో చెప్పకపోతే ఇద్దరూ రెండు నాటకాల గురించి వాదించుకుంటారు. ఫోన్‌లో చదివేవాళ్లు శాతం బదులు అధ్యాయం పేరు రాయండి. ఆడియో వినేవాళ్లూ అంతే.

మాట్లాడేటప్పుడు కథ చెప్పేయకండి. మీరు ఆగిన చోట ఒక పేరా పైకి చదవండి, అది చాలు. ఆ పేరా విని పుస్తకం చేతికి తీసుకుని తిరగేసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఎక్కువ పేజీలు చదివినవాళ్లను పొగడటం మాత్రం వద్దు. అలా మొదలైతే లావు పుస్తకాలు మానేసి, పలచటివి ఏరుకుంటారు. పద్యకావ్యం చదివేవాళ్లకు వారానికి 20 పద్యాలే ఎక్కువ.

కొత్త పుస్తకాల దగ్గర మనిషికి ఒక్కటే. జనవరి మొదట్లో విజయవాడ, డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల తర్వాత అందరూ సంచులు నింపుకుని వస్తారు. అన్నీ చూపిస్తే ఒక్కటీ గుర్తుండదు. మిగతావి తర్వాతి వారాలకు దాచండి. అట్ట చూపించి ఊరుకోకుండా, లోపల ముద్రణ వివరాల పేజీ తెరవండి. ఏ సంవత్సరం, ఎన్నో ముద్రణ, వెల ఎంత, "ప్రతులకు" అని ఎవరి చిరునామా ఉంది, ఇవన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. రచయితలు సొంతంగా వేసుకున్న పుస్తకాలు చాలా ఊళ్లలో కొట్లకు చేరవు. ఆ "ప్రతులకు" అన్న మాట కిందున్న వివరమే దారి. నచ్చింది కదా అని స్కాన్ చేసి అందరికీ పంపడం తప్పు. కొద్ది ప్రతులే వేసుకున్న మనిషికి అది నేరుగా తగిలే నష్టం.

ఎవరికైనా పుస్తకం చదవడానికి ఇస్తే ఆ వారం పేజీ చివర రాయండి. పుస్తకం, తీసుకున్నవారు, తారీఖు, తిరిగిచ్చే ఆదివారం. నాలుగు వారాలు గడువు. గడువు దాటితే అడగాల్సింది ఇచ్చినవారు కాదు, ఆ రోజు నోట్‌బుక్ పట్టుకున్నవారు. అలాగైతే మొహమాటం ఉండదు.

ఏమీ చదవని వారాలూ వస్తాయి. "చదవలేదు" అని రాసి, వచ్చి కూర్చోవాలి. సిగ్గుపడి ఒకసారి మానేసినవాళ్లు రెండోసారీ రారు. మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయి ఉంటే పుస్తకాన్ని పక్కన పెట్టి, ఎక్కడ వదిలేశారో గీత గీసి మరీ రాయండి. అక్కడి నుంచి అందుకునేవాళ్లు ఆ జట్టులోనే ఉండొచ్చు.