పదిమంది ప్రోత్సాహంతో బరువు తగ్గబోతున్నారా? మొదటి అడుగుకి ముందు ఈ జాగ్రత్తలు

సంక్రాంతికి పిల్లలందరూ ఊరొస్తారు. కనుమ నాడు భోజనాలయ్యాక అరుగు మీద చేరినప్పుడు ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. "పిన్నీ, ఈసారి నువ్వు బరువు తగ్గి తీరాలి. మేమందరం లేమూ నీకు?" మూడేళ్ల క్రితం అమలాపురం దగ్గర మా ఇంట్లో జరిగింది ఇదే. అప్పటికి నాకు 44 ఏళ్లు, 106 కేజీలు. ఆరేళ్లుగా షుగరుకి బిళ్లలు వాడుతున్నాను. గోదావరి లంకలో ఉన్న పుట్టింటికి వెళ్లాలంటే రేవులో పడవెక్కడానికి ఇద్దరు చెయ్యందించాలి. పిల్లల ప్రేమకి నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఉగాదికల్లా 20 కేజీలు తగ్గుతానని అందరి ముందూ మాటిచ్చేశాను. మా ఆడపడుచు కొడుకు అక్కడికక్కడే వాట్సాప్ గ్రూపు పెట్టాడు. హైదరాబాదు నుంచి మస్కట్ దాకా అందరూ చేరారు. రోజూ పొద్దున్నే వెయిట్ మిషన్ మీద అంకె ఫొటో తీసి అందులో పెట్టాలి.

పదకొండో రోజుకి నాలుగు కేజీలు తగ్గాను. "ఇంకొంచెం లాగు అక్కా" అన్నారు. ముందు రోజు రాత్రి రెండు కీరా ముక్కలు, గ్లాసుడు మజ్జిగతో పడుకున్నాను. పొద్దున్నే అలవాటు ప్రకారం షుగరు బిళ్ల వేసుకుని, ఏమీ తినకుండా కాలవ గట్టెక్కాను. లాకుల దగ్గరికి వచ్చేసరికి, జనవరి చలిలో, జాకెట్టు తడిసిపోయేంత చెమట. చేతులు వణుకుతున్నాయి. ఎదురుగా వస్తున్న సైకిలు రెండుగా కనబడింది. టీ కొట్టు ఆయన నా మొహం చూసి, బల్ల మీద కూర్చోబెట్టి, గ్లాసులో మూడు చెంచాల పంచదార వేసి నీళ్లు కలిపి తాగించాడు. వాళ్లమ్మగారికీ షుగరేనట, అందుకే పోల్చుకున్నాడు. ఆసుపత్రికి వెళ్లాక చూస్తే షుగరు 64. పంచదార తాగిన తర్వాత వచ్చిన అంకె అది.

గ్రూపులో వాళ్లెవరికీ నేను ఏ బిళ్ల వేసుకుంటానో తెలీదు. నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఆ తర్వాత నెమ్మదిగా, పద్ధతిగా రెండేళ్ల రెండు నెలల్లో 22 కేజీలు తగ్గాను. ఇప్పుడు మీ ఇంట్లోనూ ఎవరో ఆ మాట ఎత్తి ఉంటే, మొదలుపెట్టే ముందు దయచేసి ఇది చదవండి.

బిళ్లలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి

మొదట కలవాల్సింది డాక్టరు గారిని. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లండి. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్ఎంపీ గారు ఇచ్చిన బిళ్లలు, ఎవరో తెచ్చిచ్చిన చూర్ణం కూడా. "ఫలానా తేదీ నుంచి తిండి తగ్గిస్తున్నాను, నడక పెంచుతున్నాను, వీటిలో ఏది మార్చాలి?" అని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి బిళ్లలు గానీ వాడేవాళ్లకి తిండి తగ్గిన రోజునే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. శరీరానికి అన్నం అందకపోయినా ఆ మందు తన పని తాను చేసుకుపోతుంది. కార్తీక సోమవారాలు, శివరాత్రి ఉపవాసాలకీ ఇదే వర్తిస్తుంది. డపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు బిళ్లలు వాడుతూ అన్నం పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు షుగరు అంకె మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వస్తే ఆగకూడదు. బీపీ బిళ్లలు, ముఖ్యంగా ఒంట్లో నీరు లాగేవి, బరువు తగ్గేకొద్దీ ఎక్కువైపోయి లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆకుకూరలు పెంచేసినా మందు లెక్క తప్పుతుంది. ఇవేవీ మీ అంతట మీరు మానకండి, తగ్గించకండి. నా బిళ్ల డోసు సగం చేసింది డాక్టరు గారే, అది కూడా వారం రోజులు ఇంట్లో గ్లూకోమీటరుతో చూసి రాసిన అంకెలు చూశాక.

మూడు నెలల షుగరు, థైరాయిడ్, కిడ్నీ, లివరు, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. నలభై దాటి షుగరో బీపీయో ఉంటే ఈసీజీ కూడా అడగండి. గురక గట్టిగా వచ్చి, పగలు కూర్చున్న చోటే కునుకు పట్టేస్తుంటే అది కూడా చెప్పాలి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు తమకు తాముగా ఇలాంటివి మొదలుపెట్టకూడదు.

మనవాళ్లకి బీఎంఐ (కేజీల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. టైలరు టేపు చాలు. నా ఉద్దేశంలో రోజూ మిషన్ ఎక్కడం కన్నా పదిహేను రోజులకోసారి టేపు పట్టుకోవడం మేలు.

ఎంత తగ్గాలో పందెం కట్టకండి

వారానికి అర కేజీ నుంచి కేజీ, అంతే. ఉన్న బరువులో నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గినా షుగరు, బీపీల్లో తేడా కనిపిస్తుంది. 100 కేజీల మనిషికి అది ఐదు నుంచి పది కేజీలు. ఒంటి మీద ఒక కేజీ తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కేజీల భారం తగ్గుతుంది. అందుకే ఐదు కేజీలకే నాకు పడవెక్కడం తేలికైంది.

మొదటి పది పదిహేను రోజుల్లో తగ్గేదాంట్లో నీళ్ల పాలు ఎక్కువ. గ్రూపులో చప్పట్లు మోగేది అప్పుడే. నాలుగో వారంలో అంకె కదలదు. అప్పుడు ఆ చప్పట్ల కోసం మనిషి పూట తిండి మానేస్తాడు. హడావిడిగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పడొచ్చు, రెండు మూడు నెలలకి జుట్టు దువ్వెనకి చుట్టుకుని రావచ్చు, కొవ్వుతో పాటు కండా కరిగిపోతుంది. పోయిన కండని మళ్లీ తెచ్చుకోవడం యాభై దాటినవాళ్లకి చాలా కష్టం.

టిన్నుల్లో అమ్మే పొడులు, పేరులేని కషాయాలు, జబ్బు లేకుండా థైరాయిడ్ బిళ్లలు, నీరు లాగే బిళ్లలు వద్దే వద్దు. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు కొందరికి నిజంగానే ఉపయోగం, కానీ డాక్టరు గారు చూసి రాస్తేనే. చుట్టాలు పంపించారని వేసుకునేవి కావు.

అన్నం, కొబ్బరి, కాలవ గట్టు

డెల్టాలో అన్నం మానమంటే ఎవరూ నిలబడరు, మానాల్సిన అవసరమూ లేదు. మార్టేరు వరి పరిశోధనా స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ బియ్యం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు. మారాల్సింది కంచంలో వరస. ముందు కూర, పప్పు, చేపో గుడ్డో వడ్డించుకుని, మిగిలిన పావు భాగంలో అన్నం పెట్టుకోండి. నేను అన్నానికి ఒక చిన్న స్టీలు గిన్నె పెట్టుకున్నాను. బోర్లిస్తే ఎంత పడితే అంత, మారు లేదు. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు.

కొబ్బరినూనె తాగితే కొవ్వు కరుగుతుందని మన కోనసీమలో చాలామంది నమ్ముతున్నారు. ఏ నూనైనా గ్రాముకి 9 కేలరీలే, చెట్టు మనదైనంత మాత్రాన లెక్క మారదు. కొబ్బరి బోండం మంచిదే గానీ అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టన్ లాంటి బీపీ బిళ్లలు వాడేవాళ్లు రోజూ తాగే ముందు డాక్టరు గారిని అడగాలి.

నడక పది నిమిషాలతో మొదలెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. వారానికి 150 నిమిషాలకి చేరడానికి రెండు మూడు నెలలు పట్టినా పర్లేదు. చీకటితో గట్టెక్కేవాళ్లు టార్చిలైటు, మడమ కప్పే బూట్లు లేకుండా వెళ్లకండి. కోతలయ్యాక ఎలకల కోసం పాములు గట్ల మీదికొస్తాయి. ఏప్రిల్, మేలలో మన గాలిలో తేమకి చెమట ఆరదు, ఎండ దెబ్బ తొందరగా తగులుతుంది. ఎండ ఎక్కకముందే ఇంట్లో ఉండాలి. నడుస్తుంటే గుండెల్లో బరువు, దవడకో ఎడం చేతికో నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించండి.

చుట్టూ ఉన్న మనుషులు

అసలు చెప్పాలనుకున్నది ఇది. మన జిల్లాల్లో ప్రేమంటే వడ్డనే. కొత్త అల్లుడి ముందు ఎన్ని రకాలు పెడితే అంత మర్యాద. "ఆయ్, ఒక్క పూతరేకండి, గాలిలా ఉంటుంది, ఏమవుద్ది?" అంటారు. నువ్వు తగ్గాలని మనసారా కోరేదీ, నీ కంచంలో నెయ్యి వంచేదీ ఆ చెయ్యే. వాళ్లని విసుక్కుంటే పని జరగదు, మనసులు నొచ్చుకుంటాయి.

మా అత్తగారి దగ్గర నాకు అదే ఎదురైంది. ముద్దపప్పులో నెయ్యి వద్దంటే ఆవిడ నెయ్యి గిన్నె పక్కన పెట్టేసి రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడ పక్కన కూర్చుని, లాకుల దగ్గర జరిగిందంతా చెప్పాను. "అత్తయ్యగారూ, నాకు తక్కువ పెట్టే పని మీరే చూసుకోండి, నా వల్ల కాదు" అన్నాను. అంతే. మర్నాటి నుంచి స్టీలు గిన్నె ఆవిడ చేతిలోకి వెళ్లింది. మా ఇంటికొచ్చిన చుట్టాలు కొసరబోతే "దానికి అక్కర్లేదమ్మా" అని ఆవిడే అడ్డం పడేవారు. కాదనడం కన్నా ఒక పని అప్పజెప్పడం మేలని నాకు తెలిసొచ్చింది అప్పుడే.

అందుకని ముప్ఫైమందిని కాదు, ముగ్గుర్ని ఎంచుకోండి. ఇంట్లో వండి వడ్డించే మనిషి ఒకరు. మీతో నడిచే మనిషి ఒకరు, మీ వేగానికి ఆగగలిగినవాళ్లు. మీరు దాచుకున్నది కూడా చెప్పుకోగలిగిన మనిషి ఒకరు. ఈ ముగ్గురికీ మీ మందుల పేర్లు, షుగరు పడిపోతే కనిపించే లక్షణాలు, చెయ్యాల్సింది ముందే నేర్పండి. చెమట, వణుకు, మాట తడబడటం, ఉన్నట్టుండి చిరాకు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లు, పదిహేను నిమిషాలాగి మళ్లీ షుగరు చూడటం, 70 దాటకపోతే మళ్లీ అదే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి చెయ్యాలి.

పెళ్లిళ్లకీ వ్రతాలకీ ముందురోజే ఫోన్ చేసి చెప్పేయండి: "వదినా, వస్తున్నాను, కూర్చుని తింటాను, మారు మాత్రం అడగొద్దు." పంక్తిలో అందరి ముందూ వద్దనడం కన్నా ఇది ఇద్దరికీ మర్యాద.

ప్రోత్సహించే బాబాయిలకీ పిన్నులకీ ఒక విన్నపం. ఒంటిని కాదు, చేసిన పనిని మెచ్చుకోండి. "భలే చిక్కావే" అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ చిక్కని వారం అదే మాట లేకపోవడం గుచ్చుకుంటుంది. "నిన్న వానలో కూడా గట్టు మీద కనబడ్డావే" అని ఒక అత్త నాతో అంది. నాలుగు వారాలు అంకె కదలని రోజుల్లో నన్ను నడిపించింది ఆ మాటే. "ఇంకా ఎన్ని కేజీలు?" అని అడగకండి. "ఏంటమ్మా అలా పీక్కుపోయావు, జబ్బా?" అని గుమ్మంలో నిలబెట్టి అడగకండి. తోడు నడుస్తానంటే అదే సాయం.

మీకు కూడా ఒక గుర్తు చెబుతాను. దాక్కుని తినడం, తిన్నది కక్కుకోవడం, మిషన్ మీద అంకె చూసి రోజంతా ఏడవడం, ఎవరికీ మొహం చూపించలేకపోవడం మొదలైతే బరువు పని ఆపేసి ముందు ఆ మూడో మనిషికి చెప్పండి. ఎవరూ లేరనిపిస్తే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

గ్రూపు నేను మూసెయ్యలేదు. అంకెల ఫొటోలు మాత్రం మాన్పించాను. ఇప్పుడు అందులో ఎవరు ఎక్కడ నడిచారో ఆ దారి ఫొటో పెడతారు. నాది ఎప్పుడూ ఆ కాలవ గట్టే. జాకెట్టులో ఇప్పటికీ చిన్న కాగితం ఉంటుంది, నా పేరు, బిళ్లల పేర్లు, మా వారి ఫోను నంబరుతో, దానికి చుట్టిన పంచదార పొట్లంతో. రాత్రి పడుకునే ముందు అది ఉందో లేదో మా అత్తగారే చూసుకుంటారు.