నెట్‌మెటా మీ హజార్డ్ రేషియోల షీటును ఒప్పుకోకపోతే

నల్లగొండలోనో పాలమూరులోనో మెడికల్ పీజీలు థీసిస్ కోసం నెట్‌వర్క్ మెటా అనాలిసిస్ (ఎన్నో ట్రయల్స్‌ను కలిపి చాలా మందులను ఒకేసారి పోల్చే పద్ధతి) పెట్టుకుంటే, ఎర్రర్ రాగానే ముందు సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు ఎక్సెల్ షీటులోనే దొరుకుతుంది. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పనికి నెట్‌మెటా ప్యాకేజీ వాడేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

సమస్య: ఫలితాలు వస్తాయి గానీ అంకెలు నమ్మేలా ఉండవు.
కారణం: హజార్డ్ రేషియోను (మరణం లాంటి ఘటన వేగం ఒక గుంపులో మరోదానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) పేపర్‌లో ఉన్నట్టే దించేశారు.
పరిష్కారం: లాగ్‌లోకి మార్చండి. 0.75 (95% సీఐ, అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, 0.60–0.94) అయితే లాగ్ విలువ −0.288. పై హద్దు లాగ్‌లోంచి కింది హద్దు లాగ్ తీసేసి 3.92తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పేది) 0.115. ఎక్సెల్‌లో ‘ఎల్ఎన్’ వాడాలి. అక్కడ ‘లాగ్’ అంటే 10 ఆధారంగా లెక్కిస్తుంది, ఆర్‌లో అలా కాదు.

సమస్య: నెట్‌వర్క్ రెండు ముక్కలైందని చెబుతుంది.
కారణం: ఒకే మందు పేరు రెండు రకాలుగా ఉంది, లేదా పేరు చివర ఖాళీ మిగిలింది. బస్సు బోర్డు మీద నల్గొండ అని ఉన్నా, నల్లగొండ అని ఉన్నా మనం ఎక్కేస్తాం. ఆర్ ఎక్కదు.
పరిష్కారం: పేర్లన్నీ ఒకే తీరుగా రాసి, ‘నెట్‌కనెక్షన్’తో చూసుకోండి.

సమస్య: మూడు ఆర్మ్‌ల (చికిత్స గుంపుల) ట్రయల్ దగ్గర ఆగిపోతుంది.
అసలు తలనొప్పి ఇక్కడే. మూడు ఆర్మ్‌లుంటే మూడు వరుసలు కావాలి. పేపర్లు తరచూ కంట్రోల్‌తో పోల్చిన రెండే ఇస్తాయి. మూడోది ఇచ్చినా మిగతా రెండింటితో పొసగదు. కంట్రోల్‌తో పోలిస్తే బి మందు హజార్డ్ రేషియో 0.80, సి మందుది 0.70 అయితే, బి-తో పోల్చిన సి 0.875 రావాలి. పేపర్‌లో 0.88 అని అచ్చవుతుంది. లాగ్‌లో ఆ తేడా దాదాపు 0.006, నెట్‌మెటా మామూలుగా 0.001 దాకానే ఓర్చుకుంటుంది.
పరిష్కారం: మూడో వరుసను మీరే లెక్కకట్టండి. లాగ్ విలువ తీసివేతతో వచ్చేస్తుంది. వేరియన్స్ (స్టాండర్డ్ ఎర్రర్ వర్గం) దగ్గరే జాగ్రత్త: రెండు వేరియన్స్‌లు కూడి ఊరుకోకూడదు, కంట్రోల్ ఆర్మ్ వంతు రెండుసార్లు తీసేయాలి. ఆ వంతు సుమారుగా 1 బై ఆ ఆర్మ్‌లోని ఈవెంట్లు (జరిగిన ఘటనల సంఖ్య). కంట్రోల్‌లో 100, బి-లో 80, సి-లో 50 ఈవెంట్లు అనుకుంటే, కంట్రోల్‌తో పోల్చిన బి వేరియన్స్ 0.0225, సి-ది 0.03; కాబట్టి 0.0225 + 0.03 − 0.02 = 0.0325, స్టాండర్డ్ ఎర్రర్ 0.18. తీసేయడం మరిచిపోతే అదే 0.23 అవుతుంది. ఎర్రర్ పోవాలని ఆ ట్రయల్‌నే తీసిపడేయడం మాత్రం నాకు నచ్చదు.

సమస్య: కాప్లాన్-మెయర్ గ్రాఫ్ (కాలం గడిచేకొద్దీ ఘటన జరగనివాళ్లు ఎంతమంది మిగిలారో చూపే గీత) నుంచి డేటా తిరిగి కట్టే కోడ్ నడవదు.
కారణం: క్లిక్ చేసేటప్పుడు చెయ్యి వణికి గీత ఒకచోట పైకి లేచింది; లేదా 0–1 అడిగితే శాతాలు ఇచ్చారు.
పరిష్కారం: కాలం వరుసలో సర్ది, గీత మళ్లీ పైకి లేవకుండా ఆర్‌లోని ‘కమ్‌మిన్’ వేయండి. మొదటి బిందువు కాలం 0, సర్వైవల్ 1.

సమస్య: ర్యాంకుల్లో ప్లాసిబో పైన కూర్చుంది.
కారణం: ఆ పేపర్ కంట్రోల్‌ను మందుతో పోల్చి రేషియో ఇచ్చింది.
పరిష్కారం: లాగ్ విలువ గుర్తు మార్చండి, స్టాండర్డ్ ఎర్రర్ జోలికి పోవద్దు. టీబీలో కఫం కల్చర్ నెగటివ్ అయ్యేందుకు పట్టే కాలం లాంటి ఫలితమైతే 1 కంటే ఎక్కువే మేలు, కాబట్టి ర్యాంకింగ్‌లో చిన్న విలువలు మంచివన్న సెట్టింగు తిప్పాలి.