ఇంట్లోంచి చీరలు అమ్ముతున్నారా? పేరు ఇలా నిలబెట్టుకోండి

వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో చీరలు అమ్మే అమ్మాయిలు నా దగ్గరికి సలహాకొస్తే మొదట అడిగేది ఒకటే. "అక్కా, పేజీకి ఏం పేరు పెడితే బాగుంటుంది? లోగో ఎవరితో చేయించాలి?" హైదరాబాద్ చిక్కడపల్లి సందులో మా అత్తగారు పెట్టిన దుకాణాన్ని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. దానికి ఈ రోజుకీ లోగో లేదు, పెయింటరు రాసిన బోర్డే ఉంది. అయినా కూతురి పెళ్లికి కొన్నావిడ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కూడా మా మెట్లే ఎక్కుతుంది. దానికి ఏం చెయ్యాలో నాకు తెలిసినంత రాస్తాను. లోగో సంగతి ఆఖర్న చూద్దాం.

ముందు ఫొటో కింద రాసే రెండు లైన్లు. హోల్‌సేల్ గ్రూపులో ఫొటో వస్తుంది, కింద "ప్యూర్ పోచంపల్లి పట్టు, హ్యాండ్‌లూమ్" అని ఉంటుంది. మీరు ధర ఒక్కటి మార్చి మీ గ్రూపులోకి తోసేస్తారు. అంతే, ఇక ఆ మాట హోల్‌సేలర్‌ది కాదు, మీది. రేపు కొన్నావిడ నిలదీసేది మిమ్మల్నే, అతనెవరో కూడా ఆవిడకి తెలియదు. అందుకని చేత్తో పట్టుకుని చూడని చీరకి ప్యూర్, హ్యాండ్‌లూమ్, పోచంపల్లి అని రాయకండి.

చేతికొచ్చాక ఏం చూడాలంటే, మొదట చీర తిరగెయ్యండి. ఇక్కత్‌కి, అంటే పోచంపల్లి రకం నేతకి, నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. ఆ పోగులు మగ్గమెక్కాక డిజైను తేలుతుంది. కాబట్టి రంగు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, వెనకవైపు కూడా డిజైను అంతే ముదురుగా ఉంటుంది. పైన అచ్చేసిన చీరకి గీతలు కత్తిరించినట్టుంటాయి, వెనక చాలావరకు వెలవెలబోతుంది. అయితే మరమగ్గం మీద నేసిన ఇక్కత్ కూడా బజార్లో ఉంది, దాన్ని ఈ పరీక్ష పట్టుకోలేదు. అక్కడ ఎవరింట్లో నేశారో మీకు తెలియాలి, లేకపోతే చీరకి హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉండాలి. చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ 2006లో వచ్చింది, పట్టుకి సిల్క్ మార్క్ అంతకు ముందే 2004లో వచ్చింది. ఈ రెండింటినీ కలిపేసి చెప్పేవాళ్లు మన లైన్లో బోలెడుమంది. సిల్క్ మార్క్ ఉంటే అది అసలు పట్టు అని మాత్రమే అర్థం. మరమగ్గం మీద నేసిన పట్టు చీరకీ ఆ లేబుల్ ఉండొచ్చు. "సిల్క్ మార్క్ ఉంది కదా, హ్యాండ్‌లూమే" అని కస్టమర్‌కి చెప్పారంటే తెలియక చెప్పినా అది తప్పుడు మాటే.

పట్టు మీద అనుమానముంటే కొంగు కుచ్చుల్లోంచి ఒక నిలువు పోగు (పడుగు), పక్కంచు దగ్గర అడ్డంగా నేసిన పేకలోంచి ఒక పోగు లాగి విడివిడిగా కాల్చండి. పట్టయితే జుట్టు కాలిన వాసనొస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండలా మిగులుతుంది. ఒక్క పోగే చూసి వదిలెయ్యొద్దు. పడుగు పట్టయి, పేక ఇంకేదో అయిన చీరలు బాగానే తిరుగుతున్నాయి. జరీ కూడా అంతే. వెండి తీగకి బంగారు పూత వేసినది ఒకటి, రాగి తీగతో చేసిన టెస్టెడ్ జరీ ఒకటి, ప్లాస్టిక్ పోగుకి మెరుపు పూసినది ఇంకొకటి. ఈ రోజుల్లో చాలా చీరలకి టెస్టెడ్ జరీయే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. "టెస్టెడ్ జరీ, కొన్నేళ్లకి నల్లబడొచ్చు" అని చెప్పే అమ్మండి.

పోచంపల్లి ఇక్కత్‌కి 2004-05లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ పేరు అక్కడి నేతగాళ్ల సొత్తు, ప్రింటు చీరకి అంటించడానికి వీల్లేదు. ప్రింటు చీరే అమ్ముతుంటే "ఇక్కత్ డిజైను ప్రింటు, ఆర్ట్ సిల్క్ (కృత్రిమ పట్టు), మరమగ్గం" అని రాయండి. అలా రాస్తే ఎవరు కొంటారని అడక్కండి. బడికెళ్లే టీచర్లు కొంటారు, బ్యాంకులో పనిచేసేవాళ్లు కొంటారు. మెషీన్లో పడేసినా దిగులుండని చీర వాళ్లకి రోజూ కావాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, తప్పు మాటతో పాటు తప్పు ధర కూడా అలవాటవుతుంది. కలగలుపు చీరని ఒకసారి ప్యూర్ అని చెప్పి చవగ్గా ఇచ్చారనుకోండి. వచ్చే శ్రావణానికి ఆవిడ చెల్లెల్ని వెంటేసుకొచ్చి "అక్కకిచ్చిన రేటుకే ఇవ్వండి" అంటుంది. ఆ రేటుకి అసలుది రాదు. మళ్లీ కలగలుపే ఇవ్వాలి, మళ్లీ ప్యూర్ అనే చెప్పాలి. నిజంగా ప్యూర్ చీర తెచ్చిన రోజున ఆ ధర చూసి మీ కస్టమర్లే మిమ్మల్ని దోపిడీ అంటారు. మన ఊళ్లోనే, పెద్ద ఎత్తున, సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో జరిగిందిదే. 2009 జనవరి 7న బయటపెట్టిన ఉత్తరంలో ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా రాసిన సంగతి, అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మొదట్లో తేడా కొంచెమేనని, అది ఏటేటా పెరుగుతూ పోయిందని. అంతకు కొన్ని నెలల ముందే, 2008లో, కంపెనీ పాలన బాగుందని ఆ సంస్థకి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని కొనుక్కుంది. 2013లో విలీనమయ్యాక ఆ పాత పేరు కూడా లేకుండా పోయింది. కౌంటర్ వెనక షీల్డులు పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు ఆ అవార్డే గుర్తొస్తుంది.

ఇక బిల్లు. "చీర 1" అని రాసి మొత్తం వేస్తే అది బిల్లు కాదు, చిట్టీ. "చేనేత, పట్టు మీద పట్టు (పడుగూ పేకా పట్టే), టెస్టెడ్ జరీ, మొదట డ్రై వాష్" అని రాసివ్వండి. రాయడానికి చెయ్యి ఆగిందంటే ఆ మాట మీద మీకే నమ్మకం లేదన్నమాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులని చట్టం చెబుతుంది. కోఠీ నుంచి కూకట్‌పల్లి దాకా గోడల మీద కనబడే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు, లోపమున్న సరుకు దగ్గర పనికిరాదు. రంగు మా ఆడపడుచుకి నచ్చలేదంటే అది వేరే సంగతి. అక్కడ షరతు మీ ఇష్టం, కాకపోతే కొనేముందే చెప్పాలి. ఫాల్ కుట్టించకుండా, మడత విప్పకుండా వారంలోపు తెస్తే మేం మారుస్తాం.

ఆన్‌లైన్‌లో అందరూ పెట్టే "ఓపెనింగ్ వీడియో కంపల్సరీ", అంటే పార్సిల్ విప్పేటప్పుడు కొన్నావిడే వీడియో తియ్యాలనే షరతు, నాకు నచ్చదు. మోసం చేసేవాళ్లు లేరనను. కానీ డబ్బు ముందే కట్టించుకుని, ఆపైన రుజువులు కూడా ఆవిడనే తెమ్మనడం ఏం మర్యాద? వీడియో మీరే తియ్యండి. ప్యాక్ చేసేముందు చీర పూర్తిగా విప్పి, రెండు వైపులా, కొంగు, బ్లౌజ్ పీస్ చూపించి కొనేవాళ్లకి పంపండి. నేతలో చిన్న పోగు లేచి ఉంటే అదీ చూపించండి. ఫిర్యాదులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

అయినా కొన్ని వస్తాయి. నాగోలులో ఇంట్లోంచి అమ్మే ఒకమ్మాయి దగ్గర కొన్న కాటన్ చీర, గృహప్రవేశం రోజు తడిసి ఎర్రంచు రంగంతా తెల్ల బాడీలోకి దిగింది. హోల్‌సేలరేమో "రంగుకి గ్యారంటీ లేదమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. అప్పుడు నాకు ఫోన్ చేసింది. "ఏం జెయ్యాలె అక్కా, నాకు మిగిలేదే మూడొందలు!" ముందు డబ్బు తిరిగిచ్చెయ్, హోల్‌సేలర్‌తో తర్వాత కొట్లాడు అన్నాను. వాట్సాప్‌లో వాదన పెట్టుకోవద్దని, ఫోన్ చేసి మాట్లాడమని, చీర వెనక్కి తెప్పించుకోమని చెప్పాను. చీర చేతిలో ఉంటేనే హోల్‌సేలర్‌ని అడగ్గలదు. ఇచ్చేసింది. ఆ కస్టమర్ మళ్లీ కొనలేదు. కానీ ఆ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ పిల్ల పేరు చెడుగా రాలేదు, వేరే ఫ్లాట్లవాళ్లు కొంటూనే ఉన్నారు. ఇలాంటి రోజుకి లాభంలో వందకి రెండు మూడు రూపాయలు పక్కన పెట్టుకోవాలి. లేకపోతే ఎంత మంచి మనసున్నా తిరిగివ్వడానికి చెయ్యి రాదు. ఇంకోటి, తెల్ల జేబురుమాలు తడిపి ముదురు రంగు అంచు మీద రుద్దితే రంగు దిగే చీర అమ్మేముందే దొరికిపోతుంది.

ఆషాఢం సేల్ గురించి రెండు ముక్కలు. జ్యేష్ఠంలో ధర పెంచి ఆషాఢంలో సగానికి తగ్గించే ఆట ఊరందరికీ తెలుసు. మీరు ఆడకండి. నిజంగా తగ్గించేదేదో తగ్గించి ఎందుకో రాయండి: పోయినేటి సరుకు, మడత దగ్గర మరక, బ్లౌజ్ పీస్ లేదు. మా దగ్గర ఆషాఢంలో మొదట ఖాళీ అయ్యేది ఆ డ్యామేజ్ చీరల బల్లే. లోపమేంటో తెలిస్తే జనం ధైర్యంగా కొంటారు.

నేసేవాళ్ల దగ్గర కూడా మీకో పేరుంటుంది, కస్టమర్లకి కనబడని పేరు. పోచంపల్లిలో, పుట్టపాకలో ఎవరు చెప్పిన రోజుకి డబ్బిస్తారో, ఎవరు "వచ్చేవారం" అంటారో ఇంటింటికీ తెలుసు. మంచి చీర మగ్గం దిగగానే ఫోన్ ఎవరికి వెళ్తుందో మీరే ఊహించుకోండి. అరువు పెట్టొద్దు, పక్కవాళ్ల డిజైను ఫొటో చూపించి అలాగే నేసిపెట్టమని అడగొద్దు.

రివ్యూలు కొనకండి. చుట్టాలచేత ఐదు నక్షత్రాలు వేయించకండి. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెప్పే ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా 2022లో వచ్చింది. చెడ్డ రివ్యూ వస్తే కింద జవాబు రాయండి, చెరిపించే దారి వెతక్కండి.

ఇప్పుడు పేరు, లోగో. ఊరి పేరు, సరుకు పేరు కలిపి పెడితే ట్రేడ్‌మార్క్ రావడం కష్టం. "హైదరాబాద్ పట్టు చీరలు" లాంటిది మీ ఒక్కరి సొంతం కాదు. కొత్త మాటేదైనా ఎంచుకుని, ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో అప్పటికే ఉందేమో వెతకండి. ట్రేడ్‌మార్క్ జాబితాలో చీరలు 25వ తరగతిలోకి వస్తాయి, అమ్మకం సేవ 35లోకి. సొంత పేరు మీద ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. మన తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం చూస్తుంది. ట్రేడ్‌మార్క్ జర్నల్లో అచ్చయ్యాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి 4 నెలలు ఆగుతారు. రిజిస్టరయితే 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. ఈలోగా పేరు పక్కన టీఎం అని పెట్టుకోవచ్చు. సున్నాలో ఆర్ అక్షరం ఉండే గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా పెట్టకూడదు, అది నేరం. లోగో చేసే కుర్రాడు అందంగా ఉంటుందని పెట్టేస్తాడు, కవర్లు అచ్చుకి ఇచ్చేముందు ఓసారి చూసుకోండి.