ఆపదలో కాపాడే హెలికాప్టర్ నమూనా – నాలుగో పాఠం: మసి, దుమ్ము, అరుగుదల

గత పాఠంలో మన 1/72 (అసలు దానిలో 72వ వంతు కొలత) ఎంఐ-17 హెలికాప్టర్ నమూనాకు రంగులు వేసి, డెకాల్స్ (గుర్తుల, అంకెల స్టిక్కర్లు) అతికించి, పైన మెరుపు వార్నిష్ పూశాము. ఆ పూత లోపలిదాకా ఆరాకే ఈ పాఠం మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇప్పుడు వాడబోయే టర్పెంటైన్ పచ్చి పూతను కరిగించి కింది రంగును కూడా లాగేస్తుంది.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి పరిసరాలు నీట మునిగిన రోజుల్లోనే, అనంతపురం జిల్లాలో చిత్రావతి ప్రవాహంలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళానికి చెందిన ఎంఐ-17 కాపాడింది. మన నమూనా అటువంటి పని చేసి వచ్చిన యంత్రం. కాబట్టి దాని మీద వేసే ప్రతి మరకకూ కారణం ఉండాలి; కారణం తోచని మరకను వేయకండి.

బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) నూనె రంగులో కాస్త నలుపు కలిపి, టర్పెంటైన్‌తో నీళ్ల మజ్జిగంత పలుచన చేసి, సన్నని కుంచె మొనను పలకల అతుకు గీతలకు తాకించండి. రంగు తనంతట తానే గీత వెంట పాకుతుంది. కాసేపటికి మిగులును ఇయర్ బడ్‌తో తుడవాలి: పక్కల మీద వాన నీరు జారినట్టు పైనుంచి కిందికి, తోక మీద ముందునుంచి వెనక్కి.

ఇది ఆరాక మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టండి. మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టినప్పుడు గాలిలోని తేమకు ఈ పూత తెల్లగా పాలిపోతుంది, కనుక పొడి ఎండ కాసే రోజు దాకా ఆగడమే మేలు.

ఇప్పుడు మసి. రెండు ఇంజిన్ల పొగ గొట్టాలు క్యాబిన్ పైన చెరో పక్కకు తెరుచుకుంటాయి. పొగ వెనక్కి పోతూ, రోటర్ (పైన తిరిగే రెక్కల చక్రం) గాలి ఒత్తిడికి కొంత కిందికి వంగుతుంది. అందువల్ల గొట్టం మూతి దగ్గర చిక్కగా మొదలై తోక వైపు పలచబడాలి. నల్ల పొడి పాస్టెల్‌ను ఉప్పుకాగితం మీద అరగదీసి, కొంచెం గోధుమరంగు కలిపి మెత్తని కుంచెతో అద్దండి. ఉత్త నలుపు మసిలా కాక పెయింటులా కనిపిస్తుంది. బడి పిల్లల ఆయిల్ పాస్టెల్స్ దీనికి పనికిరావు.

మనుషులను పైకి లాగే వించి ఉన్న తలుపు గడప దగ్గర రంగు ఎక్కువగా గీసుకుపోతుంది. పాత్రలు తోమే స్పాంజి ముక్కను వెండి రంగులో ముంచి, కాగితం మీద దాదాపు ఆరేదాకా ఒత్తి, ఆ అంచుకు మాత్రమే తాకించండి. ఇసుక తాకిడికి రోటర్ బ్లేడ్ల ముందంచులు కూడా అరుగుతాయి. కొసల వేగం అత్యధికం కనుక అరుగుదల అక్కడే ఎక్కువ చూపాలి.

చక్రాలకూ పొట్ట అడుగుకూ మన ఎర్రమట్టినే చల్లాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 0.1 మిల్లీమీటరు రేణువు ఈ కొలతలో 7.2 మిల్లీమీటర్ల గులకరాయవుతుంది. చిటికెడు మట్టిని తెల్లకాగితం మీద ఎదురుగా పెట్టుకొని, ఆ రంగు వచ్చేదాకా పాస్టెల్ పొడులు కలిపి వాడండి. పొడి అద్దిన చోట వేలు పెట్టకండి. పైన మళ్లీ వార్నిష్ కొడితే సగం మాయమవుతుంది.

వచ్చే పాఠంలో ఆగి ఉన్న హెలికాప్టర్ బ్లేడ్లు తమ బరువుకు ఎంత వాలతాయో చూసి, ఐదింటినీ అమరుద్దాం. అసలు రోటర్ వ్యాసం సుమారు 21.3 మీటర్లు, అంటే మన నమూనాలో దాదాపు 29.6 సెంటీమీటర్లు, పీఠం చెక్కను ఆ వెడల్పుకు సరిపడా ఇప్పుడే కోయించుకోండి.