పొగ ఇళ్లదా, ఫ్యాక్టరీదా? గాలిలో ధూళిని తూచి తేల్చడం

ధూళి 24 గంటల సగటు, గాలి ఎంత చెడిందో చెబుతుంది, ఎవరి పొగో చెప్పదు. బొగ్గు పొయ్యిల పొగ పొద్దున్న, సాయంత్రం పెరుగుతుంది. తక్కువ ఎత్తులో వదులుతారు కాబట్టి చలికాలపు రాత్రి గాలి కదలకపోతే వీధిలోనే నిలిచిపోతుంది. ఎత్తయిన చిమ్నీ పొగ చాలాసార్లు పైపైనే పోయి, ఎండెక్కి గాలి కలగలిసే వేళకు కిందికి దిగుతుంది. అందుకే తూకంతో పాటు గంటగంట రీడింగూ, గాలి దిశా కావాలి.

తూకానికి 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టర్, 2.5 మైక్రాన్లలోపు సన్న ధూళిని (పీఎం 2.5) మాత్రమే లోపలికి వదిలే ఇన్‌లెట్, నిమిషానికి 16.67 లీటర్లు లాగే పంపు చాలు. ఇన్‌లెట్‌ను కనీసం 2 మీటర్ల ఎత్తున, గోడకు మీటరు ఎడంగా పెట్టండి. పక్కనే పొగగొట్టం ఉంటే కొలిచేది ఆ ఒక్క ఇంటినే.

ఫిల్టర్‌ను 20–23 డిగ్రీలు, 30–40 శాతం తేమ ఉన్న గదిలో 24 గంటలు ఉంచి, మైక్రోగ్రాము చూపే త్రాసుపై తూచండి. నమూనా తీశాకా అంతే. అంకె నిలవకుండా ఊగుతుంటే అది స్థిర విద్యుత్తు. దాన్ని పోగొట్టే అయొనైజర్ దగ్గర పట్టి మళ్లీ తూచాలి. పంపు పెట్టకుండా ఒక ఖాళీ ఫిల్టర్‌నూ అక్కడిదాకా తీసుకెళ్లి తెచ్చి తూస్తే, చేతుల్లో అంటిన ధూళి ఎంతో తెలుస్తుంది.

ప్రవాహాన్ని మొదట్లో, చివర్లో వేరే మీటరుతో సరిచూడండి. అది తగ్గితే గాలి లెక్కే కాదు, ఇన్‌లెట్ వడపోతా మారి పెద్ద రేణువులు లోపలికొస్తాయి. తీసిన ఫిల్టర్ మీద మసి మచ్చ అంచు గీత గీసినట్టుండాలి. బయటికి పాకిందంటే ఫిల్టర్‌ను బిగించే రింగు సరిగ్గా కూర్చోలేదు, ఆ నమూనా పనికిరాదు.

లెక్క సులువే: 24 గంటలకు 24 ఘనపు మీటర్ల గాలి. బరువు 1,440 మైక్రోగ్రాములు పెరిగితే ఘనపు మీటరుకు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటలకు సూచించిన పరిమితి 15.

పక్కనే పెట్టిన చిన్న ఆప్టికల్ సెన్సర్ (కాంతితో ధూళిని కొలిచేది) గంటల తేడా చూపిస్తుంది. తేమ 80 శాతం దాటితే రేణువులు ఉబ్బి ఎక్కువ చూపుతుంది, కాబట్టి ఫిల్టర్ తూకంతో సరిచేశాకే నమ్మండి. సల్ఫర్ డయాక్సైడ్ పెరిగిందని ఫ్యాక్టరీ మీదకు తోసేయొద్దు, ఇంటి బొగ్గులోనూ గంధకం ఉంటుంది. ఏ దిక్కు గాలికి రీడింగు లేస్తోందో చూడండి. గాలి దాదాపు ఆగిపోయిన గంటల్ని మాత్రం వేరుగా రాసుకోండి, అప్పుడు దిశ సూచిక చూపేదానికి అర్థం ఉండదు.